లంకెబిందెలు చూపించే యంత్రం: బెంగళూరులో విప్పి, పరీక్షించిన ఒక కేస్ స్టడీ

వస్తువు ఇది. పిస్టల్ పిడి ఉన్న నల్ల ప్లాస్టిక్ పెట్టె. పైన అటూ ఇటూ తిరిగే 60 సెంటీమీటర్ల టెలిస్కోపిక్ యాంటెన్నా. చిన్న ఎల్‌సీడీ తెర. బంగారం, వెండి, రాగి, ఖాళీ గది అని నాలుగు గుర్తులున్న తిప్పుడు స్విచ్. అమ్మినవాళ్ల హామీ: 100 మీటర్ల దూరం, 20 మీటర్ల లోతు, బంగారం ఎటుంటే యాంటెన్నా అటు తిరుగుతుంది. ధర రెండు లక్షల పైచిలుకు. సంతలో దీన్ని లాంగ్ రేంజ్ లొకేటర్ అంటారు.

ఇలాంటివి రెండు కొన్నది బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం. వాళ్ల సొంత పొలం కోలారు జిల్లాలో, తెలుగు మాట్లాడే పల్లెలో ఉంది. పొలం మూలన ఏదో పాత కట్టడం తాలూకు రాతి పునాది. దాని కింద లంకెబిందెలున్నాయని తాతల నాటి నుంచీ ఇంట్లో అనుకునే మాట. యంత్రం చూపిన చోట కూలీలను పెట్టి మూడు మీటర్లు దిగారు. గట్టి రాయి తగిలింది. జేసీబీని పిలిచే ముందు ఒక పెట్టెను మా పరీక్షల బెంచి మీదికి తెచ్చారు.

యంత్రం పనిచేస్తుందా అని వాళ్లు అడగలేదు. పాడైందేమో చూడమన్నారు. ఇలాంటి కేసుల్లో ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇలాగే వస్తుంది. అందుకే బోర్డు విప్పి చూపించినంత మాత్రాన పని అయిపోదు. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడికి అది చాలు, డబ్బు పెట్టినవాడికి చాలదు. "లోపలేముంటే నాకేం సార్, నా కళ్లెదుటే తిరిగింది కదా" అన్నారు పెద్దాయన. ఆయన మాటలో న్యాయం ఉంది. యాంటెన్నా తిరగడం నిజం. ఎందుకు తిరిగిందన్నది కూడా ఆయన కళ్లెదుటే, ఆయన ఒప్పుకున్న షరతుల మీదే తేలాలి. ఈ కేసును నడిపించిన పద్ధతి అదే.

పెట్టె లోపల

నాలుగు స్క్రూలు తీస్తే మూత వచ్చేస్తుంది. లోపల ఒక 9 వోల్టుల బ్యాటరీ, తరంగాలు పుట్టించే ఒక 555 టైమర్ ఐసీ, 5 వోల్టుల రెగ్యులేటర్, చిన్న మైక్రోకంట్రోలర్, 16 అక్షరాలు రెండు వరుసల ఎల్‌సీడీ, బజర్, మూడు ఎల్ఈడీలు. ఒక మూలన రాగి తీగ చుట్ట, నల్ల ఎపాక్సీలో ముంచి అతికించి ఉంది. ఈ సామానంతా బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్.పి. రోడ్డులో విడిగా కొంటే వెయ్యి రూపాయలు దాటదు.

మొదటి కొలత మల్టీమీటరుతో. ఒక ప్రోబ్ యాంటెన్నా మీద, రెండోది బోర్డులోని ఒక్కొక్క పాయింటు మీద పెట్టి కంటిన్యుటీ, అంటే రెంటి మధ్య కరెంటు పోయే దారి ఉందా అని చూడాలి. ఎక్కడా బీప్ రాలేదు. యాంటెన్నా మొదలు ఒక 608 బేరింగులో కూర్చుని ఉంది. 8 మిల్లీమీటర్ల రంధ్రం, 22 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, స్కేటింగ్ చక్రాల్లో వేసే మామూలు బేరింగే. దాన్నుంచి బోర్డుకు ఒక్క వైరు కూడా లేదు. యాంటెన్నా సిగ్నల్ పంపడమూ లేదు, అందుకోవడమూ లేదు. రాగి చుట్ట రెండు కొసలూ ఎపాక్సీలోనే ఆగిపోయాయి.

రెండో కొలత తిప్పుడు స్విచ్ మీద. దాని పని 555 దగ్గరున్న ఒక రెసిస్టరును మార్చడం. కెపాసిటర్ 10 నానోఫారడ్లు, ఒక రెసిస్టర్ 1 కిలోఓమ్, రెండోది స్విచ్‌ను బట్టి 68, 33, 15 లేదా 10 కిలోఓమ్‌లు. 1.44ను మొదటి రెసిస్టర్, రెండోదానికి రెట్టింపు కలిపిన మొత్తంతోనూ కెపాసిటర్‌తోనూ భాగిస్తే వరసగా సుమారు 1.05, 2.15, 4.65, 6.86 కిలోహెర్ట్జ్ వస్తాయి. ఆసిలోస్కోపులో కనిపించినవీ వీటికి దగ్గరి అంకెలే. బంగారం గుర్తు దగ్గర 4.65. ఆ తరంగం వెళ్లేది ఎల్ఈడీకి, బజరుకు. బయటికి పోయే దారి లేదు.

'బంగారం ఫ్రీక్వెన్సీ' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, అమ్మకమంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి. 4.65 కిలోహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు దాదాపు 64 కిలోమీటర్లు. 60 సెంటీమీటర్ల కడ్డీ అంత పొడవు తరంగాన్ని చెప్పుకోదగ్గ బలంతో పంపలేదు. పంపిందనే అనుకున్నా, ఇలా అడ్డంగా ఉన్న ఒంటి కడ్డీ ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా అందుకుంటుంది. ముందా వెనకా అని చెప్పే గుణం దానికి లేదు. ఇక బంగారు పరమాణువుకు సహజంగా ఏదైనా ఫ్రీక్వెన్సీ ఉందా అంటే, అయస్కాంత క్షేత్రంలో దాని కేంద్రకానికి ఒకటుంది. క్షేత్రపు బలాన్ని కొలిచే ప్రమాణమైన టెస్లా ఒక్కోదానికి సుమారు 0.74 మెగాహెర్ట్జ్. బెంగళూరు దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు 40 మైక్రోటెస్లా. లెక్క వేస్తే 30 హెర్ట్జ్ వస్తుంది. పెట్టె మీద రాసిన అంకెకూ దీనికీ పొంతన లేదు. ఆ 30 హెర్ట్జ్ స్పందన కూడా ఎంత బలహీనమంటే, పొలంలో చేత పట్టుకు తిరిగే పనిముట్టు దాన్ని పసిగట్టలేదు.

మూడో కొలత కరెంటు. బ్యాటరీకి సిరీస్‌లో మీటరు పెట్టి, రెండు బంగారు గాజులను యాంటెన్నా కొసకు ఆనించినప్పుడూ, గాజుల్లేనప్పుడూ చూశాం. రెండుసార్లూ 14 మిల్లీయాంపులే. ఎల్‌సీడీ తెరను ఫోనుతో వీడియో తీస్తే సిగ్నల్ గీతలు, లోతు అంకెలు ఒకే వరసలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఎవరైనా ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇంకొకటి: యంత్రాన్ని ఆన్ చేసి, పక్కన ఫోను వీడియో పెట్టి, స్టీలు బీరువాలో తలుపు మూసేయడం. తలుపు మూసిన బీరువాలో కూడా తెర మీద 'బంగారం, 3.2 మీటర్లు' అనే వచ్చింది.

ఈ కుటుంబానికి దీంతో ఆట్టే నమ్మకం కలగలేదు. "చేతిలో ఉంటేనే పనిచేస్తుందన్నారు, ఒంట్లో కరెంటు కావాలంట" అన్నాడు మేనల్లుడు. ఆ మాట నుంచే రెండో మెట్టు మొదలవుతుంది.

చేయి, రసమట్టం

యాంటెన్నా బరువు దాదాపు 40 గ్రాములు. బరువు మధ్యబిందువు బేరింగుకు 22 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బేరింగు ఇరుసు నిట్టనిలువుగా ఉన్నంతవరకు కడ్డీ ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతుంది. ఇరుసు ఏ పక్కకైనా ఒక డిగ్రీ వాలితే, పల్లం వైపు తిప్పే బలం 1.5 మిల్లీన్యూటన్-మీటర్ల దాకా పుడుతుంది. నూనె పట్టిన 608 బేరింగును తిప్పడానికి అందులో కొంత చాలు. పిడి పొడవు 20 సెంటీమీటర్లు. ఒక డిగ్రీ వాలడమంటే పిడి అడుగు మూడున్నర మిల్లీమీటర్లు జరగడం. నడుస్తున్న మనిషి చేయి అంతకంటే ఎక్కువే కదులుతుంది, ఆ సంగతి మనిషికి తెలియదు.

చూపించే విధానం: ఫోటో తీసే ట్రైపాడ్‌కు పిడిని రెండు క్లాంపులతో బిగించాలి. మేస్త్రీ రసమట్టాన్ని పెట్టె పైన ఒకసారి ఉత్తరం–దక్షిణంగా, ఒకసారి తూర్పు–పడమరగా పెట్టి బుడగను మధ్యకు తేవాలి. యాంటెన్నాను గాజులకు ఎదురు దిక్కుకు తిప్పి వదిలేయాలి. పది నిమిషాలు చూడాలి. కదల్లేదు. గాజులను చుట్టూ నాలుగు పక్కలా మార్చి పెట్టినా కదల్లేదు. తర్వాత ట్రైపాడ్ ఒక కాలి కింద పోస్టుకార్డులు ఒక్కొక్కటే దూర్చుతూ పోతే, అర డిగ్రీ వాలే సరికి కడ్డీ మెల్లగా పల్లం వైపు తిరిగింది. గాజులు ఎటున్నా అది పల్లానికే తిరిగింది. ఈ పని ఇంట్లో ఫ్యాన్ ఆపి చేయాలి; గాలికి కూడా కడ్డీ తిరుగుతుంది.

"ఒంట్లో కరెంటు" సంగతి తేల్చడానికి పెద్దాయన బిగించిన పిడిని చేత్తో ముట్టుకుని నిలబడ్డారు. ఒళ్లు తగిలింది, వాలడానికి మాత్రం వీల్లేదు. కడ్డీ కదల్లేదు. ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనిపించింది అక్కడే. పెట్టె విప్పినప్పుడు కనిపించలేదు.

మనసులో ఉన్న దిక్కుకు చేయి తెలియకుండా కదలడాన్ని ఇడియోమోటర్ ప్రభావమంటారు. 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు పెట్టిన పేరు. నీళ్ల కోసం వేపపుల్ల, కొబ్బరికాయ పట్టుకుని పొలంలో తిరిగేవాళ్ల చేతుల్లో జరిగేదీ ఇదే. పట్టుకున్నవాళ్లు మోసగాళ్లని దీని అర్థం కాదు. వాళ్లకు నిజంగానే కడ్డీ తనంతట తాను తిరిగినట్టు అనిపిస్తుంది. ఈ మాట కుటుంబంతో ముందే స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే పరీక్ష ఫలితం ఇంటి పెద్ద పరువు మీదికి పోతుంది, ఆపైన ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు.

ఎనిమిది బకెట్లు

అసలు తీర్పు ఇచ్చేది ఇది. డబుల్ బ్లైండ్ పరీక్ష: బంగారం ఎక్కడుందో పట్టుకున్నవాడికి తెలియకూడదు, పక్కన నిలబడి రాసేవాడికీ తెలియకూడదు.

కావలసినవి: మూతలున్న 20 లీటర్ల పెయింటు బకెట్లు 8, అన్నీ ఒకే రంగు. ప్రతి బకెట్‌లో సగం దాకా ఇసుక. గాజులు ఊగి చప్పుడు కాకుండా చుట్టడానికి పాత తువాలు, మిగతా ఏడింటిలో వేయడానికి అలాంటివే తువాళ్లు. కొలటేపు, గీతలకు సున్నం, ఒక రూపాయి బిళ్ల, రెండు నోటు పుస్తకాలు. పరీక్ష చోటు యలహంక వైపు ఒక ఖాళీ సైటు. ముందుగా మామూలు మెటల్ డిటెక్టరుతో సైటంతా తిరిగి మేకులు, సీసా మూతలు, సిగరెట్ రేకులు ఏరేయాలి. లేకపోతే "అక్కడ కింద ఇంకేదో ఉంది, అందుకే అటు లాగింది" అన్న మాట తర్వాత వస్తుంది. బకెట్లు ఐదేసి మీటర్ల ఎడంతో ఒకే వరసలో, నంబర్లు వేసి పెట్టాలి.

పరీక్షకు ముందు ఒప్పందం కాగితం మీద రాయించాలి. రాసేది వాళ్లే అయి ఉండాలి. పెద్దాయన తన చేత్తో రాసినవి: ఎంత బంగారం కావాలి, ఎంత దూరం నుంచి చూస్తారు, ఒక్కో ప్రయత్నానికి ఎంత సేపు, ఎండలోనా నీడలోనా, ఏ చెప్పులతో, ఎన్నింటికి ఎన్ని సరిగ్గా చెబితే యంత్రం నెగ్గినట్టు. 24 గ్రాముల గాజులు చాలన్నారు. "ఇరవైకి పదహైదు ఖాయం" అన్నారు. పరీక్ష లెక్క ప్రకారం నెగ్గడానికి 8 చాలని మేము చెప్పాం. ఊరికే ఊహిస్తే 20లో సగటున రెండున్నర వస్తాయి. 8 లేదా ఆపైన గాలివాటుగా రావడానికి అవకాశం వెయ్యికి రెండు.

ఆ కాగితంలో తప్పకుండా రాయించాల్సింది ఒకటుంది: 'భూమిలో ఎన్నో ఏళ్లు ఉంటే తప్ప యంత్రం పట్టుకోదు' అన్న వాదన. పాతిన బంగారం చుట్టూ మట్టిలో ఏదో ఏర్పడుతుందంటూ అమ్మేవాళ్లు దీన్ని హేలో అనో అయాన్లు అనో చెబుతారు. బంగారం మట్టితో అంత సులభంగా చర్య జరపదు. వందల ఏళ్లయినా అది బంగారంగానే ఉండటం అందుకే. ఆ వాదనతో కొట్లాడటం కంటే మేలైన ఉపాయం ఉంది. ముందు బహిరంగ పరీక్ష చేయాలి. గాజులు ఏ బకెట్‌లో ఉన్నాయో అందరికీ చూపించి, యంత్రం పట్టుకోమనాలి. 8 సార్లకు 8 సార్లూ కడ్డీ సరిగ్గా ఆ బకెట్ వైపే తిరిగింది. 'ఈ గాజులను, ఈ చోట, ఈ రోజు యంత్రం పట్టుకుంటోంది' అని పెద్దాయన చేతే రాయించి సంతకం తీసుకున్నాం. ఈ ఒక్క సంతకంతో తర్వాత రాబోయే సాకుల్లో చాలావరకు ఆగిపోతాయి.

ఇక అసలు వంతు. దాచే మనిషి ఒక్కడే ఉండాలి. పట్టుకునేవాడు, రాసేవాడు సైటు గోడ అవతలికి పోవాలి. దాచేవాడు రూపాయి బిళ్లను మూడుసార్లు ఎగరేస్తాడు. బొమ్మా బొరుసుల వరసలు ఎనిమిది, ఒక్కో వరసకు ఒక్కో బకెట్. మనసుకు తోచిన బకెట్ ఎంచుకోకూడదు. మనిషి ఎప్పుడూ కొసలు వదిలేసి మధ్యవి ఎంచుకుంటాడు, ఒకసారి పెట్టినచోట వెంటనే మళ్లీ పెట్టడు. ఎదుటివాడు ఆ వరస పసిగడతాడు. గాజులు పెట్టాక ఎనిమిది మూతలూ తీసి మళ్లీ మూయాలి, ఎనిమిది బకెట్ల చుట్టూ నడవాలి. లేకపోతే అడుగుల జాడలు ఒక్కచోటే పడతాయి. తన పుస్తకంలో నంబరు రాసి, వెనక దారిన వెళ్లిపోయి, ఈల వేయాలి. పట్టుకునేవాడు, రాసేవాడు వచ్చే సమయానికి అతను కంటికి కనిపించకూడదు. అతని చూపు, నిలబడే తీరు కూడా సమాధానం చెప్పేస్తాయి.

ఎక్కడ చెడుతుందంటే, సాధారణంగా ఇక్కడే: ప్రయత్నం మధ్యలో "ఇది సరిగ్గా రాలేదు, లెక్కలో వేయొద్దు" అంటారు. నంబరు చెప్పి పుస్తకంలో పడ్డాక మార్చడానికి లేదని ముందే రాసుకోవాలి. నచ్చకపోతే నంబరు చెప్పకముందే ఆగి, కాసేపు కూర్చుని, మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండోది, ఒక్కో ప్రయత్నం తర్వాత ఫలితం చెప్పేయడం. ఇరవై పూర్తయ్యేదాకా రెండు పుస్తకాలూ కలపకూడదు. మధ్యలో చెబితే రెండు తప్పులు పడగానే పరీక్ష ఆపేస్తారు, లేదా రెండు ఒప్పులు పడగానే 'చాలు' అంటారు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, పెద్దాయనే టిక్కులు పెట్టారు. ఇరవైలో మూడు. ఊహతోనే చెప్పినా మూడు లేదా అంతకు పైన రావడానికి 46 శాతం అవకాశం ఉంది. బహిరంగ పరీక్షలో అన్నీ ఒప్పు, ఎక్కడుందో తెలియనప్పుడు ఊహకు సమానం. యంత్రం, గాజులు, చోటు, చేయి ఏవీ మారలేదు; మారింది పట్టుకున్నవాడికి తెలిసిన సంగతి ఒక్కటే.

పెద్ద సంస్థలు చేసిన పరీక్షల్లోనూ ఇలాగే తేలింది. అమెరికాలో క్వాడ్రో ట్రాకర్ అనే ఇలాంటి పెట్టెను స్కూళ్లకు, పోలీసులకు అమ్మారు. అమెరికా ప్రభుత్వపు సాండియా ప్రయోగశాల, ఎఫ్‌బీఐ పరిశీలించాక 1996లో కోర్టు దాని అమ్మకం ఆపేసింది. థాయ్‌లాండ్‌లో బాంబులు పట్టే జీటీ 200ను 2010లో ప్రభుత్వమే పరీక్షిస్తే 20లో 4 వచ్చాయి. ఇరాక్‌లో చెక్‌పోస్టుల దగ్గర బాంబులు పట్టడానికి వాడిన ఏడీఈ 651కు మూలం గోల్ఫ్ బంతులు వెతుకుతుందని అమ్మిన ఒక చవక ఆటవస్తువు. ఏది వెతకాలో యంత్రానికి చెబుతుందంటూ ఏడీఈ 651తో ఇచ్చిన కార్డును విప్పితే దుకాణాల్లో దొంగతనాలు ఆపడానికి అతికించే ట్యాగు బయటపడింది. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో లండన్‌లో పదేళ్ల జైలు పడింది. ఆ పెట్టెను నమ్మి చెక్‌పోస్టుల దగ్గర నిలబడిన మనుషుల ప్రాణాల సంగతి తలచుకుంటే, వీటిని 'ఏదో పిచ్చి నమ్మకంలే' అని వదిలేయడానికి మనసొప్పదు.

మరి పొలంలో ఆ ఒక్కచోటే ఎందుకు చూపింది?

పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది, సమాధానం చెప్పి తీరాలి. అమ్మినవాళ్ల మనిషి పొలానికి వచ్చి రెండు మూలల నుంచి కడ్డీ చూపిన దిక్కుల వెంట తాడు లాగి, రెండు తాళ్లు కలిసిన చోట మేకు కొట్టాడు. ఇది సర్వేయర్ల పద్ధతిలా కనిపిస్తుంది. కానీ సమాంతరంగా లేని ఏ రెండు గీతలైనా ఎక్కడో ఒకచోట కలిసి తీరతాయి. పొలంలో పాత పునాది ఎక్కడుందో అందరికీ తెలుసు కాబట్టి, చేయి రెండుసార్లూ అటే వాలింది. నిజంగా తేల్చుకోవాలంటే మూడో మూల నుంచి, పునాది సంగతి తెలియని మనిషి చేత, తువాలుతో కళ్లు కట్టి ఇంకో గీత గీయించాలి. అది ఆ రెండింటి కూడలి గుండా పోతుందేమో చూడాలి. పోలేదు. పదిహేను మీటర్లకు పైగా తప్పింది.

లోతు సంగతి ఇంకా ప్రమాదకరం. మొదట మూడు మీటర్లన్నారు; మూడు దిగాక ఐదు; 'నిధి కదిలింది, పూజ చేయించాలి' అన్నారు. నిధికి కాపలా ఉంటుందనీ, మనిషిని చూసి జరుగుతుందనీ మన ఊళ్లలో ఉన్న పాత నమ్మకాన్ని ఈ పెట్టెల వ్యాపారం తెలివిగా వాడుకుంటోంది. ఫలితం రాకపోతే తప్పు యంత్రానిది కాదు, తవ్వినవాడి జాతకానిదో పూజదో అవుతుంది. బియ్యపు గింజలను లాగుతాయని చెప్పే రైస్ పుల్లింగ్ పాత్రలు, రెండు తలల పాము పేరిట నడిచే మోసాలు కూడా ఇదే దారిలో పోతాయి. ముందు అడ్వాన్సు, తర్వాత పరీక్ష ఖర్చు, ఆ తర్వాత పూజ ఖర్చు.

కోలారు కాబట్టి నేలలో బంగారం ఉండనే ఉంటుందన్న మాట కూడా అమ్మకంలో వాడారు. అక్కడి కె.జి.ఎఫ్. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. చివరి ఏళ్లలో అక్కడ టన్ను రాయికి వచ్చింది కొద్ది గ్రాములే, అదీ రాయిలో కంటికి కనిపించనంత సన్నగా కలిసి ఉన్నది. ఆ ఖనిజానికీ ఎవరో పాతిపెట్టిన బిందెకూ సంబంధం లేదు.

నిజంగా పనిచేసే పరికరాల హద్దులు

మెటల్ డిటెక్టరు నిజం. దాని తీగ చుట్ట (కాయిల్) నుంచి వెళ్లే అయస్కాంత క్షేత్రం దూరపు ఘనం చొప్పున తగ్గుతుంది. లోహం నుంచి తిరిగొచ్చే స్పందన మళ్లీ అదే చొప్పున తగ్గుతుంది. మొత్తం మీద దూరం రెట్టింపయితే సిగ్నల్ 64వ వంతు. 25 సెంటీమీటర్ల దగ్గర దొరికే నాణెం స్పందనను 100 మీటర్ల దగ్గర వెతకాలంటే, అది నాలుగు వేల లక్షల కోట్లలో ఒక వంతుకు పడిపోయి ఉంటుంది. 100 మీటర్ల హామీ కనిపించిన చోట చేయవలసిన లెక్క ఇదొక్కటే.

చేతి డిటెక్టర్లు చాలావరకు 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఒక నాణెం లోతు మంచి నేలలో 20–30 సెంటీమీటర్లు. బిందెంత వస్తువుకు మీటరు చదరపు కాయిల్ ఉన్న పల్స్ ఇండక్షన్ పరికరంతో మీటరు, మీటరున్నర దాకా ఆశించొచ్చు. కోలారు, బెంగళూరు ప్రాంతపు ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడ్లు ఎక్కువ. నేల ఇచ్చే స్పందనను తీసేసే గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేయకుండా నడిస్తే నేలే కూస్తుంది. ప్రతి పది పదిహేను మీటర్లకు కాయిల్‌ను పైకీ కిందికీ ఊపి బ్యాలెన్స్ మళ్లీ సరిచూసుకోవాలి.

మాగ్నెటోమీటర్ ఇనుమును పట్టుకుంటుంది; బంగారం, వెండి, రాగి, ఇత్తడి దానికి కనిపించవు. నేలలోకి రేడియో తరంగాలు పంపే గ్రౌండ్ రాడార్ 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాతో పొడి ఇసుక నేలలో రెండు మూడు మీటర్లు చూస్తుంది, తడి బంకమట్టిలో మీటరు కూడా కష్టమే. తెర మీద వంపుగీత కనిపిస్తే అక్కడ చుట్టుపక్కల మట్టికి భిన్నమైనది ఏదో ఉందని అర్థం. అది బండరాయి కావచ్చు, వేరు కావచ్చు, పైపు కావచ్చు. ఏ నిజాయితీ గల పరికరమూ పైనుంచి చూసి 'బంగారం' అని చెప్పదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో ఒక సాధువు కల తర్వాత వెయ్యి టన్నుల బంగారం కోసం పురావస్తు శాఖ తవ్వింది. భూగర్భ సర్వేలో కనిపించిన భేదమూ అందుకు ఒక కారణం. బంగారం దొరకలేదు. నిజమైన పరికరం చూపిన భేదాన్ని కూడా ఆశతో చదివితే ఏమవుతుందో అక్కడ దేశమంతా చూసింది.

ఈ పొలంలో గుంత అడుగునా గోడల్లోనూ చేతి డిటెక్టరుతో చూశాం. దొరికినవి తుప్పు పట్టిన మేకులు, ఒక ఎద్దుబండి పట్టా ముక్క. గుంత చుట్టూ అర మీటరు ఎడంతో రాడార్ గీతలు నడిపితే రెండున్నర మీటర్ల లోతు నుంచి ఒకే పెద్ద రాతి పొర వాలుగా కనిపించింది. కూలీలకు తగిలిన గట్టి రాయి అదే. దాని కింద గది ఉన్నట్టు చూపే మార్పు ఏదీ లేదు.

గుంత, చట్టం, డబ్బు

గుంత గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి, ఆసరా లేదు. తీసిన మట్టి అంచునే కుప్ప పోశారు. ఒక ఘనమీటరు మట్టి సుమారు 1.8 టన్నుల బరువు. ఒంటి మీద పడితే మనిషి ఊపిరి తీయలేడు. మీటరున్నర దాటిన గుంతలో పలకల ఆసరా గానీ, మెట్లుగా నరికిన గోడ గానీ లేకుండా ఎవరూ దిగకూడదు. మట్టి కుప్ప అంచు నుంచి కనీసం ఒక మీటరు అవతల ఉండాలి. ముందు ఆ రోజే ముళ్లకంప, తాడు కట్టించాం. తర్వాత 30 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొర నీళ్లు చల్లి దిమ్మిస కొట్టి పూడ్చారు. ఒకేసారి జేసీబీతో తోసేస్తే మొదటి వానకే కుంగి, పునాది రాళ్లు కూడా జారతాయి.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. సొంత పొలంలో దొరికినా నిధి నేరుగా ఇంటి సొత్తు కాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి; దాచిపెడితే ఏడాది దాకా జైలు. కర్ణాటకకు 1962 నాటి సొంత ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు తవ్వడం నిషేధం. ఆపైన 200 మీటర్లు అనుమతి ఉంటేనే. నిధి పేరుతో అమానుష పూజలు చేయడం కర్ణాటకలో 2017 చట్టం కింద నేరం. పాత రాతి పునాది ఉన్న పొలమైతే తవ్వే ముందే పురావస్తు శాఖకు చెప్పడం మంచిది. బంగారం లేకపోయినా ఆ పునాది రాళ్లకు, కుండ పెంకులకు విలువ ఉంది. ఈ గుంతలో ఆ పొరలు చెదిరిపోయాయి, వాటిని మళ్లీ ఎవరూ చదవలేరు.

డబ్బు వెనక్కి రావాలంటే రెండు దారులు. ఒకటి పోలీసు ఫిర్యాదు. 2024 జూలై 1 నుంచి జరిగిన మోసాలకు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయాలి. రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల లోపు చెల్లించిన వాటికి, రెండేళ్ల లోపు. దారి తెలియకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. చేతిలో ఉండాల్సినవి: చెల్లింపు రుజువు, 100 మీటర్లు–20 మీటర్లు అని హామీ ఇచ్చిన కరపత్రం లేదా వాట్సాప్ సందేశం, డెమో వీడియో, ఇంకా పెద్దాయన సంతకంతో ఉన్న పరీక్ష కాగితాలు. కమిషన్ ముందు 'యంత్రం బాగాలేదు' అన్న మాటకంటే 'హామీ ఇచ్చిన దూరంలో, కొన్నవాడి షరతుల మీద, 20కి 3' అన్న అంకెకు బలం ఎక్కువ. పెట్టెను విప్పి ఉంటే విప్పక ముందు, విప్పుతున్నప్పుడు, విప్పాక తీసిన ఫోటోలు తేదీలతో సహా ఉండాలి. లేకపోతే 'వీళ్లే వైర్లు పీకేశారు' అని అవతలివాళ్లు అంటారు. అందుకే బకెట్ల పరీక్షకు వాళ్లు కొన్న రెండో పెట్టెను, మూత సీలు తెరవకుండా వాడాం. ఫిర్యాదుతో పాటు ఆ సీలు పెట్టెనే జతచేశారు.